కల్లు పాక వంటిల్లు
కొల్లేటి సీమ చరిత్ర - 17వ భాగం

1954 నవంబరు 6. కర్నూలు శాసనసభలో టంగుటూరి ప్రకాశం పంతులు ప్రభుత్వం మీద పెట్టిన అవిశ్వాస తీర్మానం 69కి 68 ఓట్లతో నెగ్గింది. ఆంధ్ర రాష్ట్రం పుట్టి అప్పటికి పదమూడు నెలలు. పొట్టి శ్రీరాములు ప్రాణమిచ్చి తెచ్చిన రాష్ట్రంలో మొదటి మంత్రివర్గం ఒక్క ఓటుతో కూలింది. దాన్ని కూల్చిన తగవు తాటిచెట్టు దగ్గర మొదలైంది.

మద్యనిషేధం ఉంచాలా, ఎత్తేయాలా తేల్చమని రిటైరైన ఐసీఎస్ అధికారి ఎస్.వి. రామమూర్తి అధ్యక్షతన ప్రభుత్వమే ఒక కమిటీ వేసింది. ఎత్తేయమని కమిటీ చెప్పింది. ప్రభుత్వానికి ఆ సలహా మింగుడు పడలేదు. అప్పటికే గీత కార్మికులు రోడ్డెక్కి ఉన్నారు. వాళ్ళ నాయకుడు గౌతు లచ్చన్న, కృషికార్ లోక్ పార్టీ, కమ్యూనిస్టులు, సోషలిస్టులు ఒక్క వైపు చేరారు. ప్రకాశం దిగిపోయారు, రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగి మార్చిలో బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

రాజకీయ చరిత్రలు రాసినవాళ్ళు ఈ ఘట్టాన్ని ఓట్ల లెక్కతో ముగిస్తారు. ఆ ఓట్ల వెనక ఉన్న కల్లు పాక దాకా వెళ్ళరు. మా ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు ప్రాంతంలో కల్లు పాక అంటే తాగే చోటే కాదు, తినే చోటు కూడా. పొలం పని ముగించుకుని వచ్చినవాడు గడప దాటాల్సిన అవసరం లేకుండా కూర్చుని, వేడివేడిగా చేపముక్క నంజుకుంటూ పక్కవాడితో కష్టసుఖాలు చెప్పుకున్న చోటు. ఆ పాకకు ఒక వంటిల్లు ఉండేదని, దాన్ని చట్టాలే చెదరగొట్టాయని నా నమ్మకం. ఈ భాగంలో ఆ వంటింటి కథ చెప్పుకుందాం.

గత భాగంలో ఏలూరు కాలువ గురించి చెప్పుకున్నాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీళ్ళు నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు దాకా వచ్చాయి. అటునుంచి బెజవాడ కృష్ణ నీళ్ళు వచ్చి ఇక్కడే కలిశాయి. కాలువ అంటే గట్టు. గట్టంటే తాళ్ళు. వరిచేను మధ్య అంగుళం నేల వదలని రైతు కూడా గట్టు మీద తాటిచెట్టును వదిలేస్తాడు. అది మట్టిని పట్టి ఉంచుతుంది, నీడ పెద్దగా పడదు, ఎరువు అడగదు. ఈ గట్లన్నీ దిగువకు పోయి చేరేది కొల్లేటి అంచుకు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీరంతా రెండు డెల్టాల మధ్య పళ్ళెంలాంటి ఆ పల్లంలో నిలిచి, ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతుంది. గట్టు మీద తాడి, పల్లంలో చేప. ఈ సీమ తిండి చరిత్రలో సగం ఇక్కడే ఉంది.

తాడికీ సరస్సుకీ చుట్టరికం కల్లుతోనే మొదలవలేదు. కొల్లేటి లంకల్లో వడ్డీలు అనే జాలరి కులంవాళ్ళు వేటకు వెళ్ళిన దోనె తాటిమొద్దును తొలిచి చేసిందే. మొదలు లావుగా ఉన్న ముదురు చెట్టును చూసి కొట్టి, లోపలి దూటంతా తీసేస్తే మనిషి నిలబడి గెడ వేసుకుంటూ పోయేంత పడవ అవుతుంది. చేపలకు మావులు పెట్టాలన్నా, వలలు వేయాలన్నా, లంకనుంచి ఒడ్డుకు రావాలన్నా అదే దిక్కు. ఇంటి కప్పు తాటాకు, చూరు కింద వాసం తాడి, చేప మోసుకెళ్ళే బుట్ట తాటాకు. ఆ చెట్టు నుంచే కల్లు కూడా దిగింది.

కల్లు గీత పని తెలియని కొత్తతరం కోసం నాలుగు మాటలు చెప్పాలి. పోతుతాడికి వచ్చిన గెలను కట్టి, మెత్తబడేలా నలిపి, కొసను రోజూ పలచగా చెక్కుతారు. కోసిన చోటునుంచి చుక్కచుక్కగా రసం కుండలోకి దిగుతుంది. కుండ లోపల సున్నం పూస్తే అది నీరా, తియ్యటి నీళ్ళు. పూయకపోతే గాలిలో, కుండ గోడల్లో ఉన్న ఈస్టు ఆ చక్కెర మీద పడుతుంది. గంటల్లో నురగ కడుతుంది. తెల్లవారుజామున దించిన కల్లు తీపి, పొద్దెక్కేసరికి తీపీ పులుపూ, సాయంత్రానికి ముక్కుపుటాలు అదిరే పులుపు. మర్నాటికి అది తాగే సరుకు కాదు. అందులో ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్ళు, అంటే బీరుతో సమానం. ఇంత చేయడానికి గీసేవాడు నడుముకు మోకు కట్టుకుని, కత్తి దోపుకుని, రోజుకు రెండు మూడు పూటలు ఒక్కో చెట్టూ ఎక్కి దిగాలి. వానకు తడిసిన మాను మీద కాలు జారితే ఇల్లు చేరేది శవమే. ఇవాళ్టికీ ఆ చావులు ఆగలేదు.

కల్లు గంటల సరుకు కావడంవల్ల అది ఊరు దాటి ఎక్కువ దూరం పోలేదు. సారాను పీపాలో పోసి రైలెక్కించవచ్చు. కల్లును చెట్టు దగ్గరే అమ్మాలి, పొద్దు గూకేలోగా తాగాలి. అందుకే కల్లు పాక ఎప్పుడూ పేటపాకే. ఏ పేటలో చెట్టుంటే ఆ పేటలోనే తాగేవాడు, అమ్మేవాడు, చెట్టు గీసేవాడు. ముగ్గురూ ఒకరికొకరు తెలిసినవాళ్ళు. కొల్లేటి చేపదీ అదే లక్షణం. మంచు ఫ్యాక్టరీలు రాని రోజుల్లో వేటనుంచి తెచ్చిన పరిగెలను సాయంత్రంలోగా తినకపోతే ఎండబెట్టడమే దారి. కొర్రమీను, మార్పు, ఇంగిలాయిలు మాత్రం గాలి పీల్చి బతకగలవు. అడుగు తడిసేంత నీళ్ళున్న కుండలో వేస్తే రాత్రంతా బతికే ఉంటాయి. వండే నిమిషం దాకా ప్రాణంతో ఉండే చేపా, దించిన పూటే తాగాల్సిన కల్లూ కాలువ గట్టున కలుసుకున్నాయి. ఎవరో వ్యాపారి తలచుకుని పెట్టిన ఏర్పాటు కాదది.

ఆ వంటిల్లు పాక లోపల ఉండేది కాదు. పాక బయట, చూరుకు పదడుగుల దూరంలో మూడు రాళ్ళ పొయ్యి. వండేది ఆడవాళ్ళు. గీసేవాడి భార్యో, తల్లో, లేకపోతే చేపలబుట్టతో వచ్చిన వడ్డీల ఇంటి ఇల్లాలో. కైకలూరు వైపు ఒక గట్టున అలాంటి పొయ్యి దగ్గర కూర్చుని నేను చూసిన పని చెబుతాను. కొర్రమీను ఒంటినిండా జిగురు. ఆమె పొయ్యిలోంచి ఇంత బూడిద తీసి చేపకు తలనుంచి తోకదాకా పట్టించింది. గరుకు బండ మీద వేసి, పొలుసు ఊడేదాకా రుద్ది, రెండు నీళ్ళు పోసి కడిగింది. తర్వాత రాళ్ళుప్పు వేసి మళ్ళీ రుద్దింది. అప్పుడుగానీ కత్తిపీట ముందు పెట్టుకోలేదు. మూరెడు చేప అడ్డంగా ముక్కలై మట్టిదాకలో పడింది. చింతపండు పులుసు, ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపు, కారం, పైన ఒక గరిటె నూనె. గరిటె పెట్టి కలపలేదు, దాకను రెండు చేతులా పట్టుకుని తిప్పింది. ముక్క చెదరకుండా ఉండాలంటే అంతే మరి. పక్కనే ఇనప పెనం మీద చిన్న పరిగెలు, ఉప్పూకారం తప్ప ఏమీ లేకుండా, ముల్లుతో సహా నమిలేంత కరకరగా వేగుతున్నాయి.

ఉన్ననాడు కొర్రమీను, లేనినాడు ఎండు రొయ్యలు, నత్తల కూర, ఉడకబెట్టిన శనగలు, కోడిగుడ్డు. ఏదైనా తాటాకు దొప్పలోనే. పులుసులోకి ఉల్లిపాయ తాడేపల్లిగూడెం నుంచి వచ్చేది. కోస్తా జిల్లాలకు ఉల్లి పంచే పెద్ద మార్కెట్లలో అదొకటి, ఇవాళ్టికీ. కల్లు పుల్లగా ఉంటుంది కాబట్టి నంజుకునేది కారంగా, ఉప్పగా ఉండాలి. కొల్లేటి సీమ చేపల కూరల్లో కారం ఎక్కువని బయటివాళ్ళు అంటుంటారు. ఆ కారంలో కొంత పాక నేర్పిందేనని నా ఊహ.

పాకలో కూర్చున్నవాళ్ళు ఎవరు? ఎక్కువమంది కూలీలు, వేటగాళ్ళు, బండ్లు తోలేవాళ్ళు, కాలువ పడవల వాళ్ళు. భూస్వామి పాకకు రాడు, అతని ఇంటికే కుండ వెళ్తుంది. కులం పాక చూరు కింద మాయమైపోయిందని నేను రాయను. ఎవరి దొప్ప వాళ్ళది, కొన్నిచోట్ల ఎవరి మూల వాళ్ళది. అయినా బ్రాహ్మణ హోటల్లో అడుగు పెట్టనివ్వని మనిషికి నలుగురిలో కూర్చుని డబ్బిచ్చి తినే హక్కు ఇచ్చిన చోటు ఇదొక్కటే. క్రీడాభిరామం నాటకంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటి భోజనం ఉంది, రూకకు ఏమేం వడ్డించేవాళ్ళో ఉంది. ఆ పంక్తిలో ఈ కూలీకి చోటు లేదు. మన తిండి చరిత్ర రాసినప్పుడు పూటకూళ్ళమ్మను తలుచుకున్నట్టు పాక బయట పొయ్యి ముందు కూర్చున్న ఆమెను తలుచుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇలాంటి చోటు వేరే దేశాల్లో ఎలా పెరిగిందో చూస్తే మనకేం జరిగిందో తెలుస్తుంది. జపానులో పేటపేటకూ ఉండే ఇజకాయను చూడండి. సాయంత్రం ఆఫీసు వదిలాక చిన్న ఎర్రలాంతరు కింద కూర్చుని సాకే తాగుతూ, చిన్నచిన్న పళ్ళాల్లో కాల్చిన చేప, ఉడికిన కూర తినే దుకాణం. నేటి టోక్యో పాతపేరు ఎదో. అక్కడ సాకే దుకాణాలకు జనం సీసా తెచ్చుకుని కొలిపించుకుని వెళ్ళేవాళ్ళు. మెల్లగా అక్కడే నిలబడి తాగడం మొదలెట్టారు. తాగేవాడికి ఏదో ఒకటి నంజుకోవాలి కదా. 1596లో మొదలైన తోషిమాయా అనే దుకాణం సాకేను చౌకగా అమ్మి, పుల్లకు గుచ్చి కాల్చిన టోఫూను పక్కన పెట్టి పేరు తెచ్చుకుంది. కట్టెల ఇళ్ళ ఊరు కాబట్టి నిప్పుకు భయపడి ప్రభుత్వం రాత్రిళ్ళు వండి అమ్మడం మీద ఆంక్షలు పెట్టింది కూడా. అయినా 1811లో ఎదో నగరంలో తిండి దుకాణాలు లెక్కపెడితే, వండి వడ్డించే ఇజకాయలే 1,808 తేలాయి. అమ్మేవాడే వండేవాడు అయ్యాడు. దుకాణం తండ్రినుంచి కొడుక్కి వచ్చింది. వంట కూడా దానితోపాటే వచ్చింది.

మన దగ్గర దుకాణం తండ్రినుంచి కొడుక్కి రాలేదు. వేలంలో పాడుకున్నవాడికి వచ్చింది.

1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చాక చెట్టెక్కే హక్కు సర్కారుదైంది. చెట్టుకు నంబరు వేయాలి, చెట్టుకు పన్ను కట్టాలి, అమ్ముకునే దుకాణాన్ని వేలంపాటలో పాడుకోవాలి. పాడుకునేది డబ్బున్నవాడు. గీసేవాడు అతని దగ్గర కూలి. ఏటేటా పాట మారితే దుకాణం చేతులు మారుతుంది. వచ్చే ఏడు తనది అవునో కాదో తెలియని పాకకు ఎవరైనా గట్టి వంటసాల కడతారా? లైసెన్సు కాగితం కల్లు గురించి మాట్లాడుతుంది. ఎన్ని చెట్లు, ఎంత పన్ను, ఎన్ని గంటలదాకా అమ్మాలి. చేపల దాక గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క ఉండదు. పాత ఆబ్కారీ లెక్కల్లో ఈ వంటింటి జాడ దొరకకపోవడానికి కారణం అదే. పన్ను రానిదాన్ని గుమాస్తా రాయలేదు.

తర్వాత జాతీయోద్యమం వచ్చింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమై కోటి సభ్యత్వాలు, తిలక్ నిధికి కోటి రూపాయలు, ఇరవై లక్షల రాట్నాలు అని తీర్మానించింది. ఆ సమావేశానికి వచ్చిన పర్యటనలోనే గాంధీజీ ఏలూరు కూడా వచ్చారు. కల్లు మానడం సహాయ నిరాకరణలో పెద్ద ఆయుధమైంది. ఆబ్కారీ ఆదాయం మీద బతుకుతున్న సర్కారును ఆ ఆదాయం దగ్గరే కొట్టాలన్నది ఎత్తు. వేలంపాటల దగ్గర, దుకాణాల ముందు పికెటింగులు, తాగినవాడికి కులపెద్దల జరిమానాలు. ఉద్యమం న్యాయమైంది. తాగుడు కూలిడబ్బును తినేస్తోందన్నదీ అబద్ధం కాదు. కాకపోతే, చెట్టెక్కేవాడికి వేరే బతుకుతెరువేమిటని అడిగినవాళ్ళు బహు కొద్దిమంది.

1937లో రాజాజీ ప్రభుత్వం మద్యనిషేధ చట్టం తెచ్చి అక్టోబరు 1న సేలం జిల్లాలో మొదలుపెట్టింది. ఆ తర్వాత చిత్తూరు, కడప జిల్లాలు చేరాయి. పోయిన ఆబ్కారీ ఆదాయాన్ని పూడ్చుకోడానికి 1939లో అమ్మకం పన్ను వేశారు. దేశంలో తర్వాత వచ్చిన సాధారణ అమ్మకం పన్నులకు ముత్తాత అదే. యుద్ధం వచ్చింది, మంత్రివర్గం రాజీనామా చేసింది, నిషేధం అటకెక్కింది. యుద్ధం ముగిశాక పాత చట్టాన్ని మళ్ళీ బయటికి తీశారు. ఓమండూరు రామస్వామి రెడ్డియార్ ప్రభుత్వ కాలంలో, 1948 అక్టోబరు 2, గాంధీ జయంతి నాటికి మద్రాసు రాష్ట్రమంతా నిషేధం. ఆనాటికి మన జిల్లాల్లో కల్లు పాకల కప్పులు దిగిపోయాయి.

పాక మూతబడ్డాక దాని రెండు సగాలు రెండు దిక్కులకు పోయాయి. తాగుడు చీకట్లోకి పోయింది. నల్లబెల్లం, తుమ్మచెక్క, నవసాగరం కలిపి ఊరబెట్టి కాచిన నాటుసారా కల్లు స్థానంలోకి వచ్చింది. గట్టు మీద అందరి ఎదుటా నిలబడే తాటిచెట్టును దాచలేరు. సారా కుండను జమ్ములో దాచవచ్చు, కొల్లేటి లంకలో మనిషి మునిగేంత తుంగలో దాచవచ్చు. నిషేధం బీరంత పలచటి కల్లును పోగొట్టి, నిప్పులాంటి సారాను ఇంటింటికీ తెచ్చిందంటే అతిశయోక్తి కాదు. ఇక వంట, అది వెలుతురులోకి, ఊళ్ళోకి వచ్చింది. ఏలూరు, గూడెం బజార్లలో మాంసం, చేపలు వడ్డించే మిలిటరీ హోటళ్ళకు గిరాకీ పెరిగింది. అక్కడ వండేది మగవాడు, వడ్డించేది బల్ల మీద, కూర్చునేది కుర్చీలో. పాక బయట పొయ్యి పెట్టుకున్న ఆడవాళ్ళకు ఆ హోటల్లో చోటు లేదు. పులుసు మాత్రం వాళ్ళదే.

సర్కారు నీరా అన్నది, తాటిబెల్లం అన్నది. సున్నపు కుండతో చెట్టెక్కితే లైసెన్సు ఇస్తామన్నది. తాటిబెల్లం సహకార సంఘాలు పెట్టించింది. చెరుకు బెల్లం అగ్గువగా దొరికే డెల్టాలో తాటిబెల్లం కొనేదెవరు? గీత కులాలు అన్యాయమైపోయాయి. 1954లో కర్నూలు సభలో పడిన ఆ 69 ఓట్ల వెనక ఈ ఆరేళ్ళ ఆకలి ఉంది. ప్రభుత్వం పడిపోయింది కానీ చట్టం పడలేదు. తర్వాత వచ్చిన ప్రభుత్వాలు కూడా దాన్ని కొనసాగించాయి. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చాకే, ఆ దశాబ్దం చివర్లో, కోస్తాలో కల్లు పాక మళ్ళీ లేచింది. మధ్యలో ఇరవై ఏళ్ళు గడిచాయి. ఒక తరం.

ఈ ఇరవై ఏళ్ళే అసలు సంగతి అంటాను. కేరళలో కుట్టనాడు కొల్లేటికి కవల లాంటి నేల. అక్కడా పల్లంలో వరిపొలాలు, కాయల్ సరస్సులు, కాలువలు, గట్టు మీద చెట్టు. తాడి బదులు కొబ్బరి. కొర్రమీను బదులు కరిమీన్. అక్కడి కల్లు షాపుల వంట ఇవాళ దేశమంతా తెలుసు. కర్రపెండలం దుంప, కారం నిండిన చేపల కూర, బాతు వేపుడు తినడానికి కుటుంబాలతో సహా వెళ్తారు, తాగనివాళ్ళు కూడా వెళ్తారు. కుట్టనాడు తిరువాన్కూరు రాజ్యంలోది. 1948 నాటి మద్రాసు నిషేధం దానికి వర్తించలేదు. అక్కడి కల్లు షాపు వంటవాడి చేతినుంచి కొడుకు చేతికి గరిటె అందింది. మన దగ్గర గరిటె అందుకోవాల్సిన ఆ తరానికి పాకే లేదు.

పాక తిరిగి వచ్చాక ఏం జరిగిందో కూడా దాచకుండా చెప్పుకోవాలి. దాని పక్కనే సారా దుకాణం వచ్చింది. కాంట్రాక్టర్లు కోట్లలో పాడారు. 1980ల్లో వారుణి వాహిని పేరుతో సర్కారే సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరా చేర్చింది. ప్యాకెట్టుకు పాక అక్కర్లేదు, నంజు అక్కర్లేదు. కొరికి గొంతులో పోసుకుని పోవడమే. తిండి లేని తాగుడు ఇంటికి ఏం చేస్తుందో ఆడవాళ్ళకే తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు, దూబగుంట రోశమ్మ ముందు నడవగా, సారా దుకాణాన్ని మూయించారు. 1992లో ఆ మంట రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి సారా బందయింది. 1995 జనవరి 16న ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది, 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం సడలించింది. ఆ ఆడవాళ్ళ పోరాటం ముందు నేను తలవంచుతాను. కల్లు పాకను తలుచుకుంటున్నానంటే తాగుడును వెనకేసుకొస్తున్నానని కాదు. 2022 మార్చిలో మన జంగారెడ్డిగూడెంలో వరసగా మనుషులు చనిపోయినప్పుడు, కారణం నాటుసారాయేనని ప్రతిపక్షం, కాదని ప్రభుత్వం వాదించుకున్నాయి. ఆ ఇళ్ళలో ఏడ్చినవాళ్ళు ఆడవాళ్ళే.

ఈలోగా పల్లంలో చేప కూడా మారిపోయింది. 1976లో ప్రభుత్వమే కొల్లేటిలో సహకార సంఘాలతో చేపల చెరువులు తవ్వించింది. తర్వాత డబ్బున్నవాళ్ళు దిగారు. సరస్సు గట్లుగా, గళ్ళుగా చీలిపోయింది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పెంచి, మంచు వేసి, లారీలకెత్తి కలకత్తా, అస్సాం పంపారు. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు పేల్చారు. ఆ కథ పెద్దది. మన వంటింటి వరకు చెప్పాల్సింది ఒక్కటే. మావుల్లో పడిన కొర్రమీను, మార్పు, బొమ్మిడాయిలు తగ్గిపోయి, చెరువు చేప దాకలోకి వచ్చింది. బొచ్చె ముక్క పెద్దది, ముల్లు పెద్దది, పులుసులో బాగానే ఉంటుంది. కానీ వేళ్ళతో ముల్లు తీసుకుంటూ, కల్లు చప్పరిస్తూ, గంటసేపు కూర్చుని తినే చేప కాదది. దానికి అన్నం కావాలి. ఇప్పుడైతే బజారు బండ్ల మీద ముల్లు లేని పంగాసియస్ చేప ముక్కలు ఎర్రరంగు పూసుకుని వేగుతున్నాయి.

ఇదే నేల 1990ల్లో టైగర్ రొయ్యను పెంచింది. ఆ రోజుల్లో మన దేశపు రొయ్యకు అతిపెద్ద కొనుగోలుదారు జపాను. కొల్లేటి చుట్టుపక్కల, భీమవరం వైపు ఉప్పునీటి చెరువుల్లో పెరిగిన రొయ్య, తలతీసి గడ్డకట్టించిన పెట్టెల్లో ఓడెక్కి వెళ్ళి, అక్కడి ఇజకాయల పళ్ళాల్లో కూడా చేరి ఉంటుంది. వాళ్ళ పేటదుకాణం మన రొయ్య తిన్నది. మన పేటదుకాణం ఎండు రొయ్యతో సరిపెట్టుకున్నది. మంచి సరుకంతా లారీ ఎక్కడం డెల్టాకు కొత్త కాదు. బియ్యం దగ్గర మొదలైన అలవాటే ఇది.

ఇప్పటి సంగతి. గీత కార్మికులకు సహకార సంఘాల పేరిట, చెట్టు గీసేవాడి పేరిట లైసెన్సులు ఉన్నాయి. గట్లు వెడల్పు చేసినప్పుడు, రోడ్లు వేసినప్పుడు కొట్టేసిన తాళ్ళు మళ్ళీ మొలవలేదు. నాటిన తాడి గీతకు రావాలంటే పదిహేనేళ్ళు పడుతుంది, అంతకాలం ఆగే ఓపిక ఎవరికీ లేదు. గీసేవాళ్ళ పిల్లలు చెట్టెక్కడం లేదు, వాళ్ళను ఎక్కమనే హక్కు మనకెవరికీ లేదు కూడా. 2024లో వచ్చిన కొత్త మద్యం విధానంలో ప్రభుత్వం మద్యం దుకాణాల్లో పదిశాతం గీత కులాలకు కేటాయించింది. కల్లు గీసిన చేతులకు బ్రాందీ సీసా ఇచ్చినట్టైంది. వాళ్ళ ఇంటికి నాలుగు డబ్బులు వస్తే సంతోషమే. ఆ దుకాణాన్ని ఆనుకుని పర్మిట్ గది ఉంటుంది. అందులో వంటిల్లు ఉండదు. బయట రోడ్డు మీద చికెన్ పకోడీ బండి, శనగల బండి. లోపల తాగుడు, బయట తిండి. 1886 నాటి లైసెన్సు కాగితం గీసిన గీత ఇంకా అక్కడే ఉంది.

గట్టు వెంట కైకలూరు, ఆకివీడు, ఏలూరు మధ్య ఊళ్ళలో కల్లు పాకల బయట పొయ్యి పెట్టిన ఆడవాళ్ళు ఇంకా కొందరున్నారు. పాకలు తిరిగి లేచిన కొత్తలో పడుచుపిల్లలుగా ఉండి, అత్తగారి దగ్గర పులుసు నేర్చుకున్న ఆ తరం ఇప్పుడు డెబ్భై దాటింది. బొమ్మిడాయిలకు ఎంత చింతపండు, మార్పును ఎంతసేపు ఉడికించాలి, కల్లు పులుపెక్కేకొద్దీ పులుసులో కారం ఎంత పెంచాలి, ఇవన్నీ వాళ్ళ చేతికే తెలుసు, ఏ పుస్తకంలోనూ లేవు. ఈ ధారావాహిక చదువుతున్నవాళ్ళలో ఎవరి ఇంట్లోనైనా అలాంటి పెద్దావిడ ఉంటే, పక్కన కూర్చుని రాసుకోండి. ఏ ఊరు, ఎవరి పాక, ఏ చేప, ఏ దాక, ఎవరు నేర్పారు అన్నీ రాయండి. పత్రికకు పంపితే వేరే భాగంగా అచ్చు వేస్తాం.

వచ్చే భాగంలో 1976కు వెళ్దాం. కొల్లేటిలో మొదటి చేపల చెరువు ఎవరికోసం తవ్వారో, చివరికి ఎవరి చేతికి చేరిందో అక్కడ చూద్దాం.